కుచ్చులు కట్టరాదు

మొన్న బాపట్లలో మా మేనకోడలింటికి వెళ్ళాను. వాళ్ళ బాల్కనీలో ఒక ఉడత నన్ను చూసి కూడా కదల్లేదు. గ్రిల్లుకి ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేలాడుతోంది. చిన్న ఇల్లు ఆకారం, దానికో కప్పు, నాలుగు వైపులా కిటికీలు. పిచ్చుకల కోసమని ఆన్‌లైన్లో తెప్పించారట. ఉడత అందులో ఇంటి యజమానిలా కూర్చుని, రెండు చేతులా గింజలు పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ తింటోంది. పిచ్చుకలేమో ఎదురింటి కేబుల్ తీగ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి.

మేనకోడలి భర్త చప్పట్లు కొట్టి తోలాడు. చేతులు దించేలోపే అది మళ్ళీ వచ్చింది. రోజూ ఇదే తంతని, పిచ్చుకల పేరు చెప్పి ఉడతల్ని మేపుతున్నామని ఆయన వాపోయాడు.

"ఇంట్లో మైకు గొట్టం ఉందా?" అని అడిగాను.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ వయసులో మనిషి ఇలాంటి మాట అంటే ఏమనుకుంటారో నాకు తెలుసు. అందుకని మా ఊళ్ళో ఒకావిడ సంగతి చెప్పాల్సి వచ్చింది. నోటితో చెప్పింది చాలలేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. ఊళ్ళో రామాలయం ఉంది. ఆవిడ ఆ గుడి పూజారిగారి భార్య. పేరు రాయను. బతికుండగా ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, ఇప్పుడు నేను మొదలుపెడితే ఎక్కడున్నా ఊరుకోదు. నేను అక్కయ్యగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. నాకు మనవలు పుట్టినా అమ్మాయ్‌నే.

పొట్టి మనిషి. ఎదురుగా నిలబడి మాట్లాడుతూ మన మొహం చూడదు. మన నెత్తి మీదుగా చూరు కేసి చూస్తుంది. కొత్తవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. పొగరూ ఉంది, అది వేరే సంగతి. చూరు కింద ఏ కన్నంలోకి ఏ పిచ్చుక గడ్డిపోచ పట్టుకెళ్తోందో చూసుకుంటోందని కనిపెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. మనం మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యి ఎత్తేది. అంటే మనం ఆగాలి. పిచ్చుక లోపలికి వెళ్ళిపోయాక చెయ్యి దించి, "ఆఁ, చెప్పు" అనేది. ఎవరైనా సరే, మాట నోట్లో పెట్టుకుని నిలబడాల్సిందే.

పిచ్చుకలు తినడానికి గుడి మండపానికి వరికుచ్చులు కట్టడం ఆవిడ పని. ఎవరూ అప్పగించలేదు. పెళ్ళై వచ్చిన ఏడు నుంచీ కడుతోందట. ఇప్పుడంతా మిషను కోతలు కదా. మిషను చేలో దిగిందంటే గింజ ఒక పక్కా గడ్డి ఒక పక్కా పడతాయి, కంకి అనేది మిగలదు. అందుకని మిషను రాకముందే ఆవిడ రేపల్లె అవతల తన పుట్టింటివాళ్ళ చేలోకి కొడవలి పట్టుకుని దిగి, గట్టు వారన నిలువు కంకులు కోసుకునేది. పిచ్చుకలకి కౌలుకిచ్చాం పిన్నిగారూ ఆ మూల, అని చేలోవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. కౌలు మాట పిచ్చుకల్నే అడగండి అని ఈవిడ అనేది.

ఆ మోపు బస్సులో తెచ్చేది. ఒకసారి నేనూ ఉన్నాను. మోపుని పక్క సీట్లో చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. సీటు మనుషులకండి అన్నాడు కండక్టరు. ఆవిడ మోపు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. కంకులు ముందు సీటాయన మెడలో పొడిచాయి. వెనకామె మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది. కాసేపటికి ఆ కండక్టరే వచ్చి, మామ్మగారూ, దాన్ని సీట్లోనే ఉంచండి అని బతిమాలుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉంది, విన్నట్టే లేదు. ఇంకోసారి అడిగించుకుని అప్పుడు పెట్టింది.

కుచ్చు కట్టేటప్పుడు గడ్డిని తడిగుడ్డలో చుట్టి మెత్తబరుస్తుంది. కొసలు కాలి వేళ్ళ సందున నొక్కిపట్టి, ఆడపిల్లకి జడ వేసినట్టు అల్లుకుంటూ వస్తుంది. కంకులన్నీ కిందికి వేలాడాలి. పూర్తయ్యాక చూస్తే బంగారపు రంగు దీపాల గుత్తిలా ఉండేది. నేను ఈపురుపాలెంలో మగ్గాల ఇంట పుట్టినదాన్ని. ముడి వెయ్యడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా నేను వేసిన ముడి విప్పి ఆవిడ మళ్ళీ వేసుకునేది. గట్టిగానే ఉంది కదండీ అంటే, "గట్టిగా ఉంది. అందంగా లేదు" అనేది. పిచ్చుకలకి అందమెందుకండీ అన్నాను ఒకసారి. గర్భగుడి వైపు గడ్డంతో చూపించి, "ఆయన చూడడూ?" అంది.

ఉడతలు మా ఊళ్ళో ఎప్పుడూ ఉన్నాయి. గుడి వెనక కొబ్బరిచెట్లున్నాయి, వేపచెట్టుంది. చుట్టూ పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు కట్టుకున్నాక మండపం మీదికి వాటి రాకపోకలు ఎక్కువయ్యాయి. ఉడత తాడు పట్టుకుని తలకిందులుగా దిగుతుంది. తినేది కొంచెం, రాల్చేది బోలెడు. ఆఖరున దారం కొరుకుతుంది, కుచ్చు మొత్తం నేల మీద పడుతుంది. అంతటితో ఆగినా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఒక శనివారం భజన మధ్యలో మైకు ఆగిపోయింది. చూస్తే తీగ కొరికేసి ఉంది.

గుడి కమిటీ ప్రెసిడెంటుగారు మర్నాడే వచ్చారు. కుచ్చుల కోసం ఉడతలొస్తున్నాయి, ఉడతలొచ్చి తీగలు కొరుకుతున్నాయి, కాబట్టి ఉడతల్నయినా ఆపండి, కుచ్చులైనా తీసేయండి అని తేల్చి చెప్పారు. కుచ్చులు తీసేస్తే పిచ్చుకలు ఎక్కడికి పోతాయని ఆయన అడగలేదు. పెంకుటిళ్ళు పోయాక ఊళ్ళో వాటికి మిగిలిన చూరు ఆ మండపం ఒక్కటే. ఇది ఆయనకి తెలియక కాదు. ఆయన పాత ఇంటి పెంకులు దించినప్పుడు రాలిన గూళ్ళు మేమందరం చూశాం.

ఆవిడ ఉడతల మీద పడింది. ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. రాముడి గుడి పూజారి భార్య అయ్యుండి ఉడతని తోలుతుందా అని ముక్కున వేలేసుకున్నారు. ఒకామె మొహం మీదే అనేసింది. ఆవిడ చూరు కేసి చూస్తూ జవాబు చెప్పింది.

"రాముడు వీపు నిమిరింది పని చేసినందుకమ్మా. మరి ఇదేం చేసింది? ఇసక మోసిందా, రాళ్ళు మోసిందా? మైకు తీగ కొరికింది."

అలాగని వాటిని పస్తు పెట్టలేదు. గుళ్ళో కొట్టిన కొబ్బరి ముక్కలు కొన్ని రోజూ వేపచెట్టు మొదట్లో పెట్టేది. ఇదేంటండీ, ఇక్కడ మేపి అక్కడ తోలతారా అని నవ్వాను.

"రాముడి ఉడత, రాముడి కొబ్బరి. తిననీ. దానికి చెప్పుకోడానికి కథుంది, ఎవరో ఒకరు పెడతారు. పిచ్చుకకి కథ కూడా లేదమ్మాయ్."

ముందు తాడుకి ఆముదం రాసింది, జారిపోతాయని. ఉడతలు జారలేదు. తాడుని నాకాయి. ఆముదం నాకిన ఉడత మండపాన్ని ఏం చేస్తుందో నేను రాయక్కర్లేదు. పొద్దున్నే నీళ్ళు కొట్టి కడిగింది ఆవిడా నేనూ. ముక్కుకి కొంగు కట్టుకుని కడుగుతూ కూడా, పనైతే చేస్తోంది కానీ అనుకున్న చోట చెయ్యట్లేదు అంది.

తర్వాత కారం. ఆ ఆలోచన చిలకని చూసి వచ్చిందట. చిలక పండు మిరపకాయని పటపటా కొరుక్కు తింటుంది, దాని కళ్ళల్లో నీళ్ళు రావు. ఉడత మిరపచెట్టు ఛాయలకి పోదు. అంటే రెక్కలున్నదానికి కారం తెలియదు, తోకున్నదానికి తెలుసు అని లెక్క కట్టింది. కుచ్చుల్ని మంచి కారం కలిపిన నీళ్ళలో ముంచి, ఎండబెట్టి, మండపంలో కట్టింది. లెక్క నిజమే. ఉడత దిగి, ఒక గింజ నోట్లో పెట్టుకుని, మూతి రెండు చేతులతో తుడుచుకుంటూ పారిపోయింది. పిచ్చుకలు నిక్షేపంలా తిన్నాయి. శ్రీరామనవమి దాకా మండపంలో ఉడత జాడ లేదు.

నవమి నాడు జనం కిక్కిరిసి ఉన్నారు. మండపంలో ఫ్యాను ఉంది గాని పిచ్చుకలకి తగులుతుందని ఆవిడ ఎప్పుడూ వెయ్యనిచ్చేది కాదు. ఆ రోజు ఎండకి తట్టుకోలేక ఎవరో వేశారు. సరిగ్గా మంగళసూత్రం వేళకి. కుచ్చుల మీద ఎండిన కారం పొడి పొడిగా లేచి సీతారాముల మీదా మా మీదా సమానంగా కురిసింది. పూజారిగారు సూత్రం రెండు చేతులా ఎత్తి జనానికి చూపిస్తూ తుమ్మారు. ప్రెసిడెంటుగారు తుమ్మారు. వాళ్ళావిడ తుమ్మింది. సన్నాయి ఆయన తుమ్ము సన్నాయిలోంచే వచ్చింది. ముహూర్తంలో ఒక్క తుమ్ము వినిపిస్తేనే గుండెలు పట్టుకునే జనం, ఊరంతా కలిసి తుమ్ముతుంటే ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు. ఆవిడ స్తంభానికి ఆనుకుని ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పైకి చూస్తూ నా చెవిలో, ఒక్క ఉడతన్నా ఉందేమో చూడు అంది.

ఆ వారంలోనే మండపం గోడకి బోర్డు వచ్చింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు.

పూజారిగారు మెత్తని మనిషి. ఆయన కొలువు కమిటీ చేతిలో ఉంది. ఈ ఒక్క ఏడూ ఊరుకోవే, అన్నారట. ఆవిడ ఇంకాస్త అన్నం వడ్డించిందట. ఇది ఆయనే నాతో చెప్పారు, నువ్వయినా చెప్పి చూడమ్మా అని. నేను చెబుదామనే వెళ్ళాను.

నేను అక్షరాలు దిద్దుకున్న కొత్త రోజులవి. ఊళ్ళో పెద్దవాళ్ళకి పెట్టిన బడిలో నేర్చుకున్నాను. ఏది కనపడితే అది పైకి చదివే పిచ్చి పట్టుకుంది. ఆవిడ మండపంలో నిలబడి బోర్డు కేసి చూస్తోంది. కళ్ళజోడు తేలేదు, ఏం రాశారో చదువు అంది. నేను గొంతు సవరించుకుని వేలు పెట్టి చదివాను.

"మండపంలో... వరికుచ్చులు... కట్ట..."

అక్కడ ఆగాను. ఒత్తు దాటాక ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది నాకప్పట్లో.

"కట్ట?" అంది ఆవిడ.

"రాదు."

ఆవిడ బోర్డు మీంచి చూపు తిప్పి నా మొహం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

"కట్ట రాదంటనా? పాపం. రానివాళ్ళు రాదని ఇంత పెద్ద బోర్డు రాయించుకోవాలా అమ్మాయ్? వాళ్ళకి రాకపోతే పోనీ. నాకు వచ్చు."

చెబుదామని వచ్చిన మాట వదిలేసి నేనూ నవ్వాను. ఆవిడ సామాన్ల గదిలోకి వెళ్ళి పాత మైకు గొట్టం ఒకటి బయటికి లాగింది. తీగలు కొరికించుకున్నాక కమిటీవాళ్ళు కొత్తగా పెట్టెల్లాంటి స్పీకర్లు తెచ్చారు. పాత గొట్టం దుమ్ము పట్టి మూలన పడుంది. గరాటు ఆకారం, నున్నటి రేకు, ఇంత వెడల్పు నోరు. ఆవిడ దాన్ని పాత చీరలో చుట్టుకుని తెనాలి బస్సెక్కింది. అక్కడ మైకు సెట్ల షాపతను దాని లోపలి భాగాలన్నీ పీకేసి, సన్నటి మెడలోంచి ఇనప తీగ దూర్చి ఇచ్చాడు. దేనికండీ అని అడిగితే పిచ్చుకలకి మైకు పెడుతున్నానందట.

మర్నాడు పొద్దున నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆవిడ ఎక్కింది. దూలానికి తీగ, తీగకి బోర్లించిన మైకు గొట్టం, గొట్టం నోటి కిందికి అటక మీద మిగిల్చిన కొత్త కుచ్చు. కారం లేదు, ఆముదం లేదు. దిగేసరికి ప్రెసిడెంటుగారూ ఇంకో ఇద్దరూ మండపం మెట్ల దగ్గర ఉన్నారు. పూజారిగారు గర్భగుడి గుమ్మంలో గంట పట్టుకుని నిలబడిపోయారు.

"బోర్డు చూడలేదామ్మా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"చూశానండి. ఈ అమ్మాయి చదివి వినిపించింది."

"ఏముంది అందులో?"

"కుచ్చులు కట్టడం మీకు రాదని ఉందండి. నాకు వచ్చు కదా, కట్టాను."

పక్కనున్న ఇద్దరిలో ఒకాయన నవ్వబోయి దగ్గాడు. ప్రెసిడెంటుగారు నవ్వలేదు. మాటలు బాగానే నేర్చారు గాని, పంతులుగారి సంగతి కూడా కాస్త ఆలోచించుకోండి అన్నారు. ఆ మాటతో మండపం చల్లబడిపోయింది. పూజారిగారి చేతిలో గంట చిన్నగా మోగింది. ఆయన మోగించలేదు.

ఆవిడ ప్రెసిడెంటుగారి మొహంలోకి చూసింది. నెత్తి మీదుగా కాదు, కళ్ళల్లోకి.

"ఆయన స్వామికి పూజారండి. కుచ్చు కట్టింది నేను. మాననిపిస్తే నన్ను మానిపించండి, ఆయన్ని కాదు. ఇప్పుడైతే కూర్చోండి. ఉడత దిగి ఒక్క గింజ ముట్టిందంటే ఈ కుచ్చు నేనే కోసి మీ చేతిలో పెడతాను. మళ్ళీ ఈ మండపంలో కట్టను."

అని చెప్పి చెయ్యి ఎత్తింది. ఆయన ఏదో అనబోతున్నారు. ఎత్తిన చెయ్యి చూసి ఊరంతటికీ అలవాటైనట్టు ఆయనా ఆగిపోయారు. దూలం మీద ఉడత ఉంది.

కట్టను అని ఆవిడ అనగా నేను ఎప్పుడూ వినలేదు. ఉడత తోక ఆడించింది. తీగ పట్టుకుని తలకిందులుగా దిగింది. గొట్టం మెడ మీదికి వచ్చింది. ముందు కాళ్ళు రేకు మీద పెట్టింది. గోళ్ళు కిర్రుమన్నాయి. పట్టు దొరకలేదు. వెనక కాళ్ళు వదిలిందో లేదో, గరాటు మీద జర్రున జారి, అంచు దాటి, నేల మీద ధబ్బున పడింది. దెబ్బేం తగల్లేదు. లేచి మా వైపు చూసి స్తంభం ఎక్కేసింది. మళ్ళీ దిగింది, మళ్ళీ పడింది. ఆ తర్వాత దూలం మీద కూర్చుని మా అందరినీ కలిపి తిట్టడం మొదలుపెట్టింది.

పిచ్చుకలు చూరులోంచి వచ్చాయి. వాటికి కింది నుంచి దారి. ముందు ఒకటి వచ్చి కంకి పట్టుకుని ఊగింది, వెనకే మిగతావి. కుచ్చు మొదలు గొట్టం లోపలికి ఉంది కదా, కొన్ని అక్కడికి దూరి అరవడం మొదలుపెట్టాయి. ఆ కిచకిచ గొట్టంలో తిరిగి తిరిగి పెద్దదై మండపమంతా నిండిపోయింది. మాట వినపడదు. ప్రెసిడెంటుగారు ఏదో అన్నారు, పక్కాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఏంటండీ అన్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి పూజారిగారు, ఎవరి మాటకీ ఎదురు చెప్పి ఎరగని మనిషి, నెమ్మదిగా అన్నారు.

"మైకు బాగానే పనిచేస్తోందండి, ప్రెసిడెంటుగారూ."

ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేదు. ప్రెసిడెంటుగారు కండువా దులుపుకుని, బోర్డు మాత్రం తీయించను అన్నారు. ఉంచండి, మా అమ్మాయి చదువుకోడానికి పనికొస్తుంది అంది ఆవిడ.

బోర్డు ఉండిపోయింది. దాని పక్కనే కుచ్చూ ఉంది. ప్రతి ఏడూ ఆవిడ కట్టేది, ప్రతి ఏడూ కమిటీలో ఎవరో ఒకరు బోర్డు చూపించేవాళ్ళు, ప్రతి ఏడూ ఆవిడ నన్ను పిలిచి చదివించేది. నేను గడగడా చదవడం వచ్చాక కూడా ఒప్పుకోలేదు. మొదటిసారి చదివినట్టే చదవాలి. కట్ట దగ్గర ఆగాలి.

పూజారిగారు పోయాక కొత్త పూజారి వచ్చాడు. ఆవిడ గుడి వెనక గదిలో ఉండిపోయింది. మోకాళ్ళు పట్టేశాయి, నిచ్చెన నేను ఎక్కేదాన్ని, కింది నుంచి తిట్లు ఆవిడవి. పోయినేడు చేలు పాలు పోసుకునే రోజుల్లో ఆవిడ పోయింది. ఆ పొద్దున కూడా మంచం మీద పడుకుని, పరామర్శకి వచ్చినవాళ్ళ నెత్తి మీదుగా చూరు కేసే చూస్తోంది. ఒకామె ఏదో ఓదార్పు మాట చెబుతుంటే చెయ్యి ఎత్తింది. ఆమె ఆగింది. మేమందరం ఆగాం. ఆ చెయ్యి దించి ఆఁ, చెప్పు అనలేదు.

ఆ ఏడు కోతలు మొదలయ్యేసరికి మండపంలో పాత కుచ్చు ఒట్టి గడ్డిగా మిగిలి వేలాడుతోంది. పిచ్చుకలు దాని మీద వాలి, పొడిచి చూసి, చూరులోకి పోతున్నాయి. గుడికి రంగులేస్తున్నారు. బోర్డుకి కూడా కొత్త రంగు వేశారు, అక్షరాలు మళ్ళీ తెల్లగా మెరుస్తున్నాయి. ఇక కట్టేవాళ్ళెవరు లెండి, ఆ మైకు గొట్టం పాతసామాన్లకి వేసేద్దాం అని కమిటీలో అనుకున్నారట.

నేను రేపల్లె బస్సెక్కాను. ఆవిడ పుట్టింటివాళ్ళ చేలో మిషను ఇంకా దిగలేదు. గట్టు వారన కోసుకొచ్చాను. బస్సులో మోపు సీట్లో పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు, అందుకు నాకు కోపం కూడా వచ్చింది. గడ్డి తడిపాను. కాలి వేళ్ళ సందున పట్టుకుని అల్లాను. ముడి వేశాను. విప్పేవాళ్ళు లేరు. గట్టిగా ఉంది, అందంగా లేదు, నాకే తెలుస్తోంది.

మండపంలో నిచ్చెన వేస్తుంటే కమిటీలో కొత్తగా చేరిన కుర్రాడొకడు వచ్చాడు. పాత ప్రెసిడెంటుగారి మనవడే. మర్యాదగానే అడిగాడు.

"పెద్దమ్మగారూ, బోర్డు ఉంది కదండీ. చదవడం వచ్చు కదా మీకు?"

వచ్చన్నాను. గొంతు సవరించుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివాను. మండపంలో. వరికుచ్చులు. కట్ట. అక్కడ ఆగాను. చూరు కింద పిచ్చుక ఒకటి గూట్లోకి దూరేదాకా ఆగాను.

"రాదు," అన్నాను. "మీకు. ఊఁ, ఆ నిచ్చెన పట్టుకో."